మా నాన్న చెప్పిన సాక్ష్యం

మొన్న ఆదివారం వనపర్తిలోని మా చర్చిలో ఒక రోగికి ప్రార్థన నూనె రాస్తుంటే, ఆ వాసనకు నాకు మా నాన్న గుర్తొచ్చాడు.

నేను మూడో తరగతిలో ఉండగా ఆయనకు గుండెపోటు వచ్చింది. ప్రాణం దక్కింది కానీ గుండె గోడ ఒకచోట పలుచబడి ఉబ్బిందని, పట్నంలో ఆపరేషన్ చేసి అక్కడ అతుకు వేయాలని డాక్టర్లు చెప్పారు. ప్రయాణానికి ముందురోజు ఆరాధనలో సంఘ పెద్ద నాన్న ఛాతీకి నూనె రాసి, ప్రార్థించి, లేపి నిలబెట్టాడు.

"బాగయిందని సాక్ష్యం చెప్పు తమ్మీ. నోటితోని ఒప్పుకుంటేనే స్వస్థత నిలుస్తది."

నాన్న బల్ల పట్టుకుని, వణుకుతూ, చెమటలు కారుతుండగా, బాగయిందని చెప్పాడు. ఆ వణుకు పరిశుద్ధాత్మ దిగిరావడమే అనుకుని నేను అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాను.

తెల్లారి అమ్మ బట్టల సంచి పట్టుకుని నిలబడింది. "బస్సు టైమయితుంది, లే."

"గంత మంది ముందర బాగయిందని చెప్పిన. ఇప్పుడు ఆపరేషన్‌కు పోతే దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేసినట్టు కాదా?"

"దేవునికేం గాదు. పోయేది నువ్వే," అంది అమ్మ.

ఆయన కదలలేదు. ఆ ఏడు వానలు పడకముందే పోయాడు. సమాధి దగ్గర ఆ పెద్దే అమ్మతో, "ఆఖరుకు ఆయనకు విశ్వాసం జర తగ్గిందమ్మా" అన్నాడు.

నేను ఇప్పటికీ ఆ ప్రభువునే నమ్ముతాను. వైద్యుడి చెయ్యి కూడా ఆయనదేనని నా పిల్లలకు చెబుతాను. ప్రతి ఆదివారం పరలోక ప్రార్థన అందరితో కలిసి చెబుతాను. అందులో మనకు కీడు చేసినవారిని క్షమించే మాట దగ్గర మాత్రం నోరు మూసుకుంటాను.