మొక్కు లేని గుండు

పాల్మాకుల నుంచి శంషాబాద్ వచ్చే దారిలో యాదయ్యకు ఒక కటింగ్ షాపు ఉండేది. పదకొండేళ్ల వయసులో తండ్రి పక్కన నిలబడి కత్తి పట్టినవాడు. విమానాశ్రయం వచ్చాక కుర్చీలో కూర్చునేవాళ్లు మారారు. రైతులు తగ్గి కారు డ్రైవర్లు, సామాన్లు ఎత్తేవాళ్లు పెరిగారు. ఎవరు కూర్చున్నా తన చేతికి తెలియని తల లేదని యాదయ్య ధీమా. 2011 వానాకాలంలో ఒక పొద్దున ఆ ధీమా కాస్తా పోయింది.

ఆటో తోలే జంగయ్య ఎప్పటిలా గడ్డం గీయించుకోవడానికి వచ్చాడనుకున్నాడు యాదయ్య. కానీ జంగయ్య గడప దగ్గరే ఆగిపోయాడు. లోపలికి వచ్చింది అతని భార్య రుక్కమ్మ. విమానాశ్రయంలో ఊడ్చి తుడిచే పనికి పోయే మనిషి. తలకు స్కార్ఫు బిగించి కట్టుకుంది. ఆ షాపులోకి ఆడమనిషి అడుగుపెట్టడం అదే మొదలు, బెంచీ మీద కూర్చున్న మగవాళ్లంతా అటు తిరిగారు.

"అన్నా, గుండు చెయ్యాలె."

"ఎవలకు?"

"నాకే."

"మొక్కా చెల్లె? గుట్టకు పోతున్నరా?"

"మొక్కు లేదు, ఏం లేదు. రొమ్ముల గడ్డ లేసింది. దవాఖానల మందు ఎక్కిస్తున్నరు. గిది జూడు." స్కార్ఫు కిందికి చెయ్యి పోనిచ్చి తీసింది. పిడికెడు జుట్టు, లాగకుండానే, చేతిలోకి వచ్చేసింది. "పొద్దుగాల అన్నంల గూడ వస్తున్నయ్. పిల్లలు తింటలేరు. తీసేస్తే ఒడిసిపోతది."

గుండు చేయడానికి యాదయ్యకు తెలిసినవి రెండే కారణాలు. దేవుడికి మొక్కు, ఇంట్లో చావు. ఇది ఆ రెండింట్లో ఏదీ కాదు. మొగుడు గడపలో నిలబడి ఉండగా, నొసట బొట్టు ఉండగా, ఆడమనిషి తల గొరగడమా? జంగయ్య వైపు చూశాడు. జంగయ్య రోడ్డు వైపు చూస్తున్నాడు. "జర ఆగు చెల్లె" అని యాదయ్య షాపు వెనకే ఉన్న ఇంట్లోకి పోయి భార్య భాగ్యమ్మకు చెప్పాడు.

"గంత మందిల కూసోవెట్టినవా? ఇంట్లకు తోల్కరా" అంది భాగ్యమ్మ.

వెనకింట్లో పీట వేశారు. కత్తి వద్దని, చిన్న గాటు పడినా మంచిది కాదని దవాఖానలో చెప్పారంది రుక్కమ్మ. యాదయ్య మిషన్ తీశాడు. తీశాడు గానీ మొదలుపెట్టలేకపోయాడు. మొక్కు గుండైతే స్వామి పేరు తలుచుకునేవాడు. చావు గుండైతే మాట్లాడకుండా నీళ్లు చల్లేవాడు. దీనికి ఏమనాలి? ఏమీ తోచక, "ఇగ మొదలువెడుతున్న చెల్లె" అన్నాడు. భాగ్యమ్మ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంది.

అయ్యాక రుక్కమ్మ అద్దం అడిగింది. ఇవ్వాలా వద్దా అని యాదయ్య తటపటాయిస్తుంటే భాగ్యమ్మే తెచ్చి ఇచ్చింది. రుక్కమ్మ చాలాసేపు చూసుకుంది. "అక్కా, అచ్చం మా బాపు లెక్కనే ఉన్న" అంది. అది నవ్వో ఏడుపో యాదయ్యకు తెలియలేదు. తీసిన జుట్టు ఏం చేయాలో కూడా తెలియలేదు. మొక్కుదైతే దేవుడిది, మామూలుదైతే కుప్పలోకి. కాగితంలో చుట్టి అడిగితే "పారెయ్యన్నా" అంది. వాకిలి దాకా పోయి, మళ్లీ వెనక్కి వచ్చి, "వద్దు, ఇటియ్యి" అని తీసుకుపోయింది.

మూడు వారాల తర్వాత జంగయ్య ఒక్కడే వచ్చాడు. గడ్డం మాట ఎత్తలేదు.

"అన్నా, దానికి కనుబొమలు గూడ పోయినయ్. బొట్టు యాడ పెట్టుకోవాల్నో సమజైతలేదట. నిన్న మూడుసార్లు పెట్టి తుడిచింది. నేను పెడదామని కూసున్న. పద్దెనిమిదేండ్ల సంది జూస్తున్న మొకమే గదా, నాకు గూడ తెల్వకపాయె. గట్లెట్ల తెల్వకపోతదన్నా?"

పక్క సందులో శిరీష బ్యూటీ పార్లర్ ఉంది. విమానాల్లో ఉద్యోగాలకు తయారయ్యే అమ్మాయిలకు మేకప్ నేర్పే పిల్ల. అక్కడికి పొమ్మని యాదయ్య చెప్పి పంపితే రుక్కమ్మ ఒప్పుకోలేదట. ఆ అమ్మాయిల ముందు స్కార్ఫు విప్పనందట. దాంతో యాదయ్యే పార్లర్ గుమ్మం దాకా పోయి, లోపలికి పోవడానికి సిగ్గుపడి, బొమలు గీయడం ఎలాగో బయటనుంచే అడిగాడు.

శిరీష నవ్వలేదు. "కాకా, వేలితోని తడిమి జూడు. ఎముక యాడ లేస్తదో బొమ ఆడనే ఉంటది. ఒక్కటే గీత కొట్టకు, వెంట్రుక వెంట్రుక గియ్యాలె" అని పెన్సిలు ఇచ్చింది.

రెండు రోజులు యాదయ్య తన మోచేతి మీద గీసుకున్నాడు. జుట్టు కోయడమే తెలిసిన చేతికి మొలిపించడం కొత్త.

రుక్కమ్మకు మొదటిసారి గీసినప్పుడు ఒక బొమ పైకి పోయింది.

"ఎవల మీదనో కోపమొచ్చినట్టు ఉన్నదే" అంది భాగ్యమ్మ.

"ఉన్నది గదక్కా కోపం."

"ఎవల మీద?"

రుక్కమ్మ ఆలోచించింది. "తెల్వది" అంది.

తుడిచి మళ్లీ గీశాడు. ఈసారి కుదిరింది. రుక్కమ్మ అద్దంలో చూసుకుంటూ, ఎవరి సాయమూ లేకుండా, ఒక్కసారికే బొట్టు పెట్టుకుంది. జంగయ్య అప్పటిదాకా తలదించుకుని ఉన్నాడు. తర్వాత నెమ్మదిగా తలెత్తి ఆమెను చూశాడు. "రోజు నీ ఇంటికి రాలేను గదన్నా, నాకు నేర్పు" అని ఆమె పెన్సిలు అడిగి తీసుకుంది.

ఆ తర్వాత దవాఖానలో ఆమెకు పరిచయమైనవాళ్లు రావడం మొదలైంది. షాపు బందుండే మంగళవారాల్లో, వెనకింటికి. బడంగ్‌పేట్ నుంచి స్వరాజ్యం అనే టీచరమ్మ వచ్చి, బళ్లో పిల్లలకు ఏం చెప్పాలో నువ్వే చెప్పమంది. ఇంకొకామె సగం గుండు కాగానే ఆపమని, అలాగే ఒక గంట కూర్చుని, సరే కానిమ్మంది. "మంచిగ కనిపిస్తున్ననా అన్నా?" అని అడిగేవాళ్లు. అవునంటే అబద్ధమేమో, కాదంటే పాపమేమో. యాదయ్య బొమలు సరిచేస్తూ ఉండిపోయేవాడు. వాళ్లు మాత్రం మళ్లీ వచ్చేవారు. తను చేస్తున్నది ఏమిటో, అందులో వాళ్లకు ఏం దొరుకుతోందో అతనికి అంతుపట్టలేదు. "నీకు తెల్వకపోతే ఏమాయె, చెయ్యి ఆపకు" అనేది భాగ్యమ్మ.

మరుసటేడు ఎండాకాలానికి రుక్కమ్మ మందులు అయిపోయి నాలుగైదు నెలలైంది. ఒక మంగళవారం స్కార్ఫు లేకుండా వచ్చింది. వేలెడు జుట్టు, అంతా ఉంగరాలు ఉంగరాలుగా.

"నాది తిన్నటి జుట్టు గదన్నా. గిది ఎవలదన్నా?"

యాదయ్య వేళ్లతో తడిమి చూశాడు. మెత్తగా, పుట్టిన పిల్ల జుట్టులా ఉంది. ముప్పై ఏళ్ల పనిలో ఇలాంటిది చూడలేదు. "ఏమో చెల్లె, నాకు గూడ ఎర్కలేదు" అని నిజమే చెప్పాడు.

మళ్లీ డ్యూటీకి పోవాలంటే గేటు పాసుకు కొత్త ఫోటో కావాలట. పాత దాంట్లో నడుము దాకా జడ ఉంది. "స్కార్ఫుతోని దిగాల్నా, గిట్లనే దిగాల్నా?" అని అడిగింది. భాగ్యమ్మ స్కార్ఫు కట్టుకొమ్మంది. ఆటోలో కూర్చున్న జంగయ్య వద్దన్నాడు. అందరూ కలిసి యాదయ్య వైపు తిరిగారు. అతనికి రెండూ సరైనవిగానే కనబడ్డాయి, రెండూ తప్పుగానూ కనబడ్డాయి.

వాళ్లు తేల్చేలోపే రుక్కమ్మ ఎదురుగా ఉన్న ఫోటో స్టూడియోలోకి పోయింది. అరగంటకు నాలుగు ఫోటోలు పట్టుకుని వచ్చింది. ఉంగరాల జుట్టు, గీసిన బొమలు, వాటి నడుమ బొట్టు. ఫోటోను, తనను మార్చి మార్చి చూస్తున్న యాదయ్యను చూసి పకపకా నవ్వి ఆటో ఎక్కింది.

"డ్యూటీ రేపటి సంది అన్నా, పోయొస్త."

ఆటో మూల తిరిగింది. వెనకింట్లో, బాలాపూర్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి స్కార్ఫు విప్పకుండా పీట మీద కూర్చుని ఉంది. యాదయ్య చేతులు కడుక్కుని లోపలికి పోయాడు. ఆమెతో మొదట ఏం మాట్లాడాలో అతనికి ఇంకా తెలియలేదు.