ఖర్జూరాల పొట్లం

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, కువైట్‌లో ఒక ఇంట్లో మూడేళ్లు వంటపని చేసి మా ఊరు రాప్తాడుకు తిరిగొచ్చాను. కువైట్‌లో నేనున్న ఇంట్లో తెలుగు మాట వినబడేది కాదు. పక్కింట్లో పనిచేసే కడప ఆమె ఊరికి వెళ్లిపోతూ ఇచ్చిన ఆరు పాత నవలలే నాకు తోడు. ఏడుపొచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి తెరిచి, అందులోని మనుషులతో కాసేపు ఉండి, లేచి మళ్లీ రొట్టెలు కాల్చేదాన్ని.

నా పెట్టె విప్పడానికి మా ఆయన అన్న, పెద్దబావ, అందరికంటే ముందే వచ్చి కూర్చున్నాడు. నేను వెళ్లేటప్పుడు బస్టాండు దాకా కూడా రాని మనిషి. సెంటుసీసా, దుప్పటి, ఖర్జూరాలు తన పక్కకు తీసి పెట్టుకున్నాక అడుగున నవలలు కనిపించాయి.

“ఏమ్మా, కువైట్‌కు పోయి చిత్తుకాగితాలు మోసుకొచ్చినావా? ఆడ బంగారం దొరకలేదా?” అన్నాడు.

చుట్టూ ఉన్న బంధువులంతా నవ్వారు. మా ఆయన తల వంచుకుని చాప అంచు పీకుతున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

బావ అంతటితో ఊరుకోలేదు. ఒక నవలలోంచి పేజీ పర్రున చింపి ఖర్జూరాలు పొట్లం కట్టబోయాడు. నేను ఆ కాగితం లాక్కున్నాను. ఖర్జూరాలు నేలంతా దొర్లాయి.

“బావా, ఆడ నేను ఏడిస్తే పలకరించింది ఇవే. మూడేండ్లలో నువ్వు ఒక్క జాబు రాసినావా?” అన్నాను.

“చూస్తిరా, కువైట్ నీళ్లు తాగినాక పెద్దోళ్లంటే మర్యాదే లేకుండా పోయింది” అంటూ లేచి వెళ్లిపోయాడు. సెంటుసీసా మాత్రం మరిచిపోలేదు.

ఆ పేజీని అన్నం మెతుకులతో అతికించాను. తర్వాత రెండేళ్లు బావ మా గడప తొక్కలేదు. పుస్తకాలు ఎందుకూ పనికిరావనే వాళ్లకు ఈ సంగతే చెబుతుంటాను.