మా వీధి బావికి ఒక విశేషణం

ఇది దాహంతో అల్లాడిన ఒక వీధి సాగించిన మహాసంగ్రామం. పర్వాలుగా విడగొట్టి రాయాలని కూర్చున్నాను. తీరా చూస్తే ఉన్నది ఒక బావి, ఒక అర్జీ, అందులో నేను ఇరికించిన ఒక ఇంగ్లీషు విశేషణం.

యాభైల చివర్లో, ఎస్సెల్సీ పాసై జగ్గయ్యపేటలో ఖాళీగా తిరుగుతున్న రోజులు. వీధిలో ఇంగ్లీషు రాయగలవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి మహాపండితుణ్ణి కూడా నేనే. ఆ ఎండాకాలం మా బావి అడుగంటింది. ఆడవాళ్లు మైలు దూరం నుంచి నీళ్లు మోస్తున్నారు. నందిగామ తాలూకాఫీసుకు అర్జీ పెట్టమని వీధివాళ్లంతా నన్నే అడిగారు. 'బ్యాడ్' అని రాస్తే చప్పగా ఉంది. 'సీరియస్' అందరూ జ్వరాలకు వాడేశారు. నిఘంటువు తిరగేసి 'డైర్' పట్టుకున్నాను. మా పరిస్థితి డైర్‌గా ఉందని రాసి, దాని కింద గీత కూడా గీశాను.

"దానర్థమేంట్రా?" అంది నాయనమ్మ.

"ఇక దారి లేదు, కొంప మునిగిందని."

"నీళ్లే లేకపోతే కొంపెట్టా మునుగుద్దిరా, తింగరోడా!"

అయినా విశేషణం పనిచేసింది. తాలూకాఫీసు నుంచి రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగారు స్వయంగా వస్తున్నారని కబురొచ్చింది. ఆయన చూసి రాస్తేనే బావికి మోక్షం. నేను దాహంగా కనిపించడం సాధన చేశాను.

కానీ పెద్దమనిషి వస్తుంటే మా ఆడవాళ్లు ఊరుకుంటారా? పొద్దున్నే రెండేసి సార్లు వెళ్లి నీళ్లు తెచ్చారు. వీధి పొడుగునా కల్లాపి చల్లి ముగ్గులేశారు. ఆయన బస్సు దిగి రాగానే కాళ్లకు చెంబెడు నీళ్లు, తాగడానికి కుండనీళ్లు, ఆపైన మజ్జిగ.

ఆయన తడిసిన చెప్పులు చూసుకున్నారు. "ఎవరయ్యా అర్జీ రాసింది? డైర్ అంటే ఏంటో తెలుసా?"

"తెలుసండి."

"నందిగామలో మా ఇంటి ముందు ఇన్ని నీళ్లు చల్లి ఏడాదైంది."

డైర్ అన్న మాటకు అప్పుడు నా మొహమే సరైన ఉదాహరణ. ఆయన వెనక్కి తిరగబోతుంటే నాయనమ్మ అడ్డం వెళ్లింది.

"మైలు దూరం నుంచి మోసుకొచ్చి చల్లామండి. తమరొస్తే దుమ్ములో నడిపిస్తామా? అదుగో బావి, తమరే తోడి చూడండి."

ఆయన చేద వేశారు. అర చేద బురద వచ్చింది. బురదనూ ముగ్గులనూ మార్చి మార్చి చూసి, అర్జీలో నా విశేషణాన్ని కొట్టేసి, 'పూడిక' అని రాసుకున్నారు.

పై వారం ఇద్దరు మనుషులు మూడు రోజులు పూడిక తీస్తే బావిలో నీళ్లు ఊరాయి. తీసిన మట్టి ఎండాక రోడ్డు గుంటల్లో పోశారు.