చిలకమ్మ అడిగిన సెలవు

అరకు సంతలో మంచుపెట్టెల నుంచి కారే నీటి వాసన తగిలితే నా నడక ఆగిపోతుంది. మైదానపు చెరువుల్లో పెంచిన చేపలవి. వాటికి గెడ్డ వాసన ఉండదు. గెడ్డ అంటే మా కొండవాగు. తొలకరికి ఎర్రనీరు దిగగానే, గుడ్లతో బరువెక్కిన చేపలు కింది నది నుంచి ఆ నీటికి ఎదురెక్కి వచ్చేవి. ఆ గెడ్డ వాసన తలుచుకుంటే చిలకమ్మే గుర్తొస్తుంది. చేపలు పట్టే వెదురు మావులు అల్లేది ఆమె.

మాది ఒకప్పుడు కొన్ని కొండ ఊళ్లను ముఠాగా ఏలిన ముఠాదారుల ఇల్లు. ముఠా పోయింది, భూమి పోయింది, ఇంటిమీద పెంకులూ సగం పోయాయి. మిగిలింది ఒక్క అధికారం. చేపలన్నీ పైకి ఎక్కాయని మా ఇంటివాడు గెడ్డ చూసి చెబితేనే ఊరు మావులు దింపాలి. నాన్న పోయాక ఆ మాట నాకు వచ్చింది. చిలకమ్మ కొత్త మావు చంకన పెట్టుకుని అందరికన్నా ముందు మా అరుగు దగ్గర నిలబడేది.

“సెలవా దొరా?”

“ఇంకా ఎక్కుతున్నాయి.”

“అయితే ఆగుతాం. ఎక్కీది గెడ్డది, దిగీది మనది.”

దిగువన ఆనకట్ట లేచాక వచ్చిన మొదటి తొలకరికి ఊరంతా అక్కడికి పరుగెత్తింది. చేపలు ఎగిరి, గోడకు కొట్టుకుని, ఒకదానిమీద ఒకటి పడుతున్నాయి. జనం గంపలకెత్తుకుంటున్నారు. నేను వద్దన్నాను.

“ముఠా ఎప్పుడో పోనాది. ఇంకా హుకుమేటి దొరా?” అన్నాడొకడు. అందరూ నవ్వారు.

చిలకమ్మ నవ్వలేదు. కుండలో నీళ్లు పట్టి, బతికున్న చేపలు వేసి నా ముందు పెట్టింది.

“పెద్దింటోలు బరువు మొయ్యరు గావాల. ఉత్త మాటలే మోత్తారేటి?”

మా వంశంలో నెత్తిన కుండ పెట్టుకున్న మొదటివాణ్ని నేనే. మెడ వంచకుండా గట్టెక్కాను. గోడకు అవతల నీళ్లలో వదిలితే కొన్ని ఈదాయి. చాలావరకు వెల్లకిలా తేలాయి. మరుసటి ఏడూ మోశాం. ఆ తర్వాత మోయడానికి గోడ కింద చేపలే లేవు.

మావులు అల్లేవాళ్లు కాఫీతోటల్లో కూలికి పోయారు. చిలకమ్మ మాత్రం ప్రతి తొలకరికీ వచ్చేది. చివరిసారి కర్ర ఊతంతో వచ్చింది.

“సెలవా దొరా?”

“ఇంకా ఎక్కలేదు చిలకమ్మా.”

“బేగి ఎక్కమను. నాకాడ టయిం లేదు.”

ఎక్కాయని అబద్ధం చెబితే ఆ ముసలి ప్రాణం సంతోషించేదేమో. కానీ ఊళ్లో నా మాటను మాటగా ఎంచింది ఆమె ఒక్కతే. ఆమె దగ్గరే దాన్ని చులకన చేయలేకపోయాను. పొడి మావును మా చూరుకు తగిలించి వెళ్లిపోయింది. ఆ చలికాలం దాటలేదు.

ఈ ఏడూ ఎర్రనీరు దిగింది. సెలవడగడానికి ఎవరూ రాలేదు. అయినా గెడ్డకు వెళ్లి, నీరు తేటబడేదాకా నిలబడి చూశాను. ఇంటికొచ్చి మావుకు పట్టిన బూజు దులిపి, మళ్లీ చూరుకే తగిలించాను.

సెలవు ఇంకా ఇవ్వలేదు.