బాపు చేతికి పెట్టిన గడియారం

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో, నేను పదమూడేళ్ల ఆడపిల్లగా ఉన్నప్పటి సంగతి ఇది. జమ్మికుంట పత్తి మార్కెట్లో మూటలు మోసే మా బాపు జ్వరంతో చనిపోయాడు. ఇంట్లో ఆయన ఫోటో ఒక్కటి కూడా లేదు. అందుకని పాడె కట్టేలోగా ఫోటో తీసేవాణ్ణి పిలిపించారు.

బాపును కుర్చీలో కూర్చోబెట్టి, ఒరిగిపోకుండా నడుముకు తువ్వాల కట్టారు. అంతవరకు బోరున ఏడ్చిన పెద్దబాపు, కెమెరా రాగానే కళ్లు తుడుచుకున్నాడు. కచేరీలో గుమాస్తా ఆయన. తన చేతి గడియారం విప్పి బాపు చేతికి పెట్టాడు.

"ఆయన ఎన్నడన్న గడియారం పెట్టిండా బావా? తియ్యి," అంది నన్ను కన్న అవ్వ.

"నువ్వూకో. రేపు పిల్లకు సంబంధమొస్తే గీ ఫోటోనే సూస్తరు. హమాలోని బిడ్డంటే ఎవడు చేసుకుంటడు?"

ఫోటో తీయడం అయిందో లేదో గడియారం లాక్కున్నాడు. ఆ ఊపుకు బాపు చేయి లేచి కుర్చీకి కొట్టుకుంది. పెద్దబాపు అటు చూడనే లేదు. గడియారాన్ని ధోతి అంచుతో గట్టిగా తుడిచి, నడుస్తోందో లేదోనని చెవికి ఆనించుకొని విన్నాడు. నేనే బాపు చేయి తీసి ఒళ్లో పెట్టాను.

బాపుదంటూ మాకు మిగిలింది ఆ ఒక్క ఫోటోనే. పారేయలేను. ఎవరైనా చూసి "మీ బాపు మస్తు దర్జాగ ఉండె" అంటే ఒళ్లు మండుతుంది.

ఏటా బాపు తిథికి పూలదండ పొడుగ్గా కట్టించుకుంటాను. ఆ చేయి పూర్తిగా కప్పేయాలి.