టోల్సన్ తమ్ముడు

స్కార్‌బెక్ అనే గనుల ఊళ్లో పద్నాలుగేళ్లు రగ్బీ లీగ్ ఆడినవాడికి ముక్కు తిన్నగా ఉండదు. వెస్లీ మాసప్‌కు మాత్రం చెక్కినట్టు ఉండేది. "అసలు నువ్వు ఆడావా, టికెట్ కొనుక్కుని చూశావా?" అని పబ్బులో ఎవరైనా ఆటపట్టిస్తే, "నా ముక్కు మా అన్నయ్య మొహం మీద ఉంది, వెళ్లి చూసుకో" అనేవాడు. నవ్వులాటకే అన్నా, అందులో అబద్ధం లేదు.

వెస్లీ హాఫ్‌బ్యాక్. జట్టులోని పదముగ్గురిలో అతనిదే చిన్న ఒళ్లు. రెండు జట్లవాళ్లూ తలలు వంచి తోసుకునే స్క్రమ్‌లోకి బంతి వెయ్యడం, అది వెనక్కి రాగానే అందుకుని ఎటు వెళ్లాలో మిగతావాళ్లకు చెప్పడం, బంతిని స్తంభాల మధ్యకు తన్ని గోల్స్ కొట్టడం అతని పని. బంతి ఎప్పుడూ అతని చేతుల్లోనే ఉంటుంది కనక దెబ్బలు కూడా అతన్నే వెతుక్కుంటూ వచ్చేవి. వాటికి అడ్డంగా నిలబడినవాడు అతని అన్న టోల్సన్. ఆరేళ్లు పెద్ద, ముందు వరసలో ఆడేవాడు. వారమంతా ఇద్దరిదీ సముద్రం కింద బొగ్గు తవ్వే గనిలో పని. ఆదివారం ఆట.

గోల్ కొట్టడం వెస్లీకి ఎవరూ నేర్పలేదు, గాలి నేర్పింది. గనివాళ్ల ఇళ్ల వెనక మైదానం, దాని పక్కనే రైలు పట్టాలు, పట్టాల అవతల సముద్రం. పడమటి గాలి పట్టిందంటే బంతి ఎటు పోతుందో దేవుడికే తెలియాలి. స్తంభాల మధ్యకు గురి పెడితే పోదని, ఎడమ స్తంభానికి బయటగా కొడితే గాలే లోపలికి తోసుకొస్తుందని పదేళ్లకే కనిపెట్టాడు. కనిపెట్టేలోపు ఎన్నిసార్లు బంతి పట్టాలు దాటిపోయిందో లెక్కలేదు. వెళ్లినప్పుడల్లా టోల్సన్ గోడ దూకి తెచ్చి, తమ్ముడి కాళ్ల దగ్గర పడేసి, "ఊఁ, ఇంకోటి కొట్టు" అనేవాడు.

వెస్లీకి పద్దెనిమిది నిండగానే ఊరి క్లబ్బు కార్యదర్శి కాగితాలు పట్టుకుని ఇంటికొచ్చాడు. టోల్సన్ అప్పటికే ఆ జట్టులో ఉన్నాడు. తల్లి ఆ కాగితాల వంక చూడలేదు, కార్యదర్శి వంకా చూడలేదు. భోజనం చేస్తున్న పెద్దకొడుకుతో అంది:

"వాడు అరవై కిలోలు కూడా లేడు. వాడి మీద చెయ్యి పడిందా, నువ్వు కొంపకి రానక్కర్లేదు."

"పడదులే అమ్మా," అన్నాడు టోల్సన్, నోట్లో బంగాళదుంప నములుతూనే.

మొదటి ఆటలోనే ఎదుటి జట్టువాడొకడు, బంతి వదిలేసిన తర్వాత కూడా వెస్లీ దవడ మీదకి మోచెయ్యి విసిరాడు. అది తగిలింది టోల్సన్‌కి. ఎక్కణ్ణించి వచ్చాడో వెస్లీకి కనిపించనే లేదు. లేచి, రక్తం ఉమ్మేసి, "నీ పని నువ్వు చూసుకో, నా వంక చూడకు" అన్నాడు. ఆ తర్వాత పద్నాలుగేళ్లూ అదే వరస. వెస్లీ వెయ్యికి పైగా గోల్స్ కొట్టాడు. ఆ క్లబ్బులో అన్ని కొట్టినవాడు మరొకడు లేడు. టోల్సన్ ముక్కు మూడుసార్లు విరిగింది.

1978లో కౌంటీ కప్పు ఆఖరి ఆట. చెరి తొమ్మిది పాయింట్లు, ఇంకా రెండు నిమిషాలుంది. వెస్లీ బంతి అందుకుని తిరుగుతుండగా ఒక బండమనిషి తల వంచుకుని దూసుకొచ్చాడు. టోల్సన్ మధ్యలోకి వచ్చాడు. ఆ చప్పుడు స్టాండులో వెనక వరసకు కూడా వినిపించిందని తర్వాత చెప్పుకున్నారు. టోల్సన్ కాసేపు కదల్లేదు. చన్నీళ్ల స్పాంజి మెడ మీద పిండి, ముక్కు దగ్గర ఘాటుమందు పెట్టి, లేపి నిలబెట్టారు. రిఫరీ పెనాల్టీ ఇచ్చాడు, అంటే గోల్ కొట్టే అవకాశం.

"ఎంతుంది స్కోరు?" అని వెస్లీ అన్నను అడిగాడు.

టోల్సన్ ఆలోచించి, నిరుడు క్రిస్మస్‌కి ఆడిన ఆట స్కోరు చెప్పాడు. చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. వెస్లీ కూడా నవ్వాడు. నవ్వుతూనే మడమతో మట్టి తవ్వి, బంతి నిలబెట్టి, నలభై గజాల నుంచి కొట్టాడు. కప్పు వచ్చింది. ఊళ్లోవాళ్లు అతన్ని భుజాల మీద ఎక్కించుకుని మోశారు.

ఆ తర్వాత ఆరేళ్లకు ఇద్దరూ ఒకే రోజున ఆట మానేశారు. మరో రెండేళ్లకు గని మూతబడింది. వెస్లీ బస్సు నడిపాడు, టోల్సన్ రేవులో పనికి కుదిరాడు.

టోల్సన్‌కు అరవై దగ్గరపడుతుండగా తేడా మొదలైంది. ముందు తాళాలు మరిచిపోయాడు, తర్వాత పేర్లు. ఒకరోజు తెల్లవారుతూనే టిఫిన్ డబ్బా పట్టుకుని, ఇరవై ఏళ్ల కింద మూసేసిన గని గేటు దగ్గరకు వెళ్లి నిలబడ్డాడు. అతని భార్య డోరీన్ వెస్లీని తోడు పిలుచుకుని పట్నంలో డాక్టరు దగ్గరకు తీసుకెళ్లింది. డాక్టరమ్మ అన్నీ అడిగి, చివర్న, "ఆటలో తలకి దెబ్బ తగిలి ఎన్నిసార్లు స్పృహ తప్పారు?" అంది.

డోరీన్ వెస్లీ వంక చూసింది. వెస్లీ లెక్కపెట్టబోయి, పదకొండు దగ్గర ఆగిపోయాడు.

ఆ శీతాకాలమంతా డోరీన్ అతనితో మాట్లాడలేదు. వెస్లీ రోజూ వెళ్లేవాడు. చలిమంటకి బొగ్గు తెచ్చి లోపల పెట్టేవాడు, అన్నకు గడ్డం గీసేవాడు, తలుపు దగ్గరకేసి వచ్చేసేవాడు. మార్చిలో ఒక సాయంత్రం వెళ్లబోతుంటే వెనక నుంచి, "టీ పెట్టాను, తాగి వెళ్లు" అని వినిపించింది.

వెస్లీ బల్ల ముందు కూర్చుని కప్పులో చెంచా తిప్పాడు. "ఆ దెబ్బలన్నీ నావి వదినా. నాకు తగలాల్సినవి."

"తెలుసు. అందుకేగా నీ మొహం చూడలేకపోయాను." డోరీన్ తన కప్పులో పాలు పోసుకుంది. "కానీ నువ్వేమైనా తగిలించుకోమని అడిగావా? ఆదివారం ఇంటికొచ్చేవాడు, కన్ను వాచిపోయి. ఏమైందంటే చెప్పడు. 'ఇవాళ మావాడి మీద ఈగ కూడా వాలలేదు' అంటాడు. మీ అన్న ఆ పూట రెండు ప్లేట్లు తినేవాడు. వారం మొత్తమ్మీద ఆయన అంత కులాసాగా ఉండే పూట ఇంకోటి లేదు. నేను ఎవరి మీద కోప్పడను చెప్పు."

వెస్లీ ఏడ్చాడు. డోరీన్ ఏడవలేదు. అతని కప్పులో ఇంకాస్త టీ పోసింది.

అప్పట్నుంచి ఆదివారాలు టోల్సన్‌ను మైదానానికి తీసుకెళ్లడం వెస్లీ వంతు. కుర్రవాళ్లు ఆడుతుంటే కమ్మీల దగ్గర నిలబడి చూసేవాళ్లు. ఒకనాడు ఆట మధ్యలో టోల్సన్‌కు ఉన్నట్టుండి కంగారు పుట్టింది. కమ్మీల మధ్య దూరి లోపలికి పోబోయాడు. వెస్లీ చెయ్యి పట్టుకుంటే విదిలించి, కొత్తమనిషిని చూసినట్టు చూశాడు.

"ఏవండీ, మా తమ్ముణ్ణి చూశారా? పొట్టిగా ఉంటాడు. గోల్స్ కొడతాడు. నేను పక్కన లేకపోతే కొట్టేస్తారు వాణ్ణి."

"చూశానండీ," అన్నాడు వెస్లీ. "ఆట అయిపోయింది. స్నానం చేసి ఇంటికెళ్లాడు."

"దెబ్బలేమైనా తగిలాయా?"

"ఒక్కటి కూడా తగల్లేదు. నేను దగ్గరుండి చూశాను."

"మంచిది బాబూ," అన్నాడు టోల్సన్. అతని భుజాలు కిందికి దిగాయి. వెస్లీ చేతిలో చెయ్యి పెట్టి, చిన్నపిల్లవాడిలా ఇంటిదాకా నడిచాడు.

2012 ఫిబ్రవరిలో టోల్సన్ నిద్రలోనే పోయాడు. ఆ వేసవిలో వెస్లీ, అరవయ్యేళ్ల వయసులో, ఇరవయ్యేళ్ల పిల్లల పక్కన కూర్చుని ప్రథమ చికిత్స పరీక్ష రాశాడు. ఊరి కుర్రవాళ్ల జట్టుకు మందుల సంచీ పట్టుకుని మైదానం గీత పక్కన నిలబడటం మొదలుపెట్టాడు. తలకి దెబ్బ తగిలినవాణ్ణి ఎంతటివాడైనా బయటికి తెచ్చేసేవాడు. కోచ్ తిట్టినా సరే, వాడి తల్లే వచ్చి బతిమాలినా సరే.

మూడో ఏట ఆ జట్టు లీగు ఫైనల్‌కు వెళ్లింది. ఒక్క పాయింటు వెనకబడి ఉన్నారు, చివరి నిమిషంలో పెనాల్టీ దొరికింది, స్తంభాలకు ఎదురుగానే. అది దొరికింది వాళ్ల హాఫ్‌బ్యాక్ కీరన్‌ను ఎదుటివాడొకడు తల మీద కొట్టి పడేసినందుకే. జట్టులో గోల్ కొట్టగలిగినవాడు వాడొక్కడే.

వెస్లీ వెళ్లి పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. "ఇవాళ ఏ వారం రా?"

కీరన్ కళ్లు చికిలించాడు. "ఒక్క కిక్కు, వెస్. కొట్టి వచ్చేస్తా. నువ్వయితే వచ్చేసేవాడివా?"

"నేనయితే కొట్టేవాణ్ణి," అన్నాడు వెస్లీ. "లే, పద."

వాడి నడుం చుట్టూ చెయ్యి వేసి, స్టాండంతా తిడుతుండగా మెల్లగా బయటికి నడిపించాడు. ఆ పెనాల్టీ ఇంకెవడో కొట్టాడు, పక్కకి పోయింది. జట్టు ఓడిపోయింది. వారం రోజులు పబ్బులో వెస్లీకి ఎవరూ పలకరింపుగా కూడా బీరు పోయించలేదు. బస్టాపులో ఒకాయన మొహం మీదే, "కప్పు నీ సంచీలో వేసుకుపోయావుగా" అన్నాడు. వెస్లీ అవునని తల ఊపాడు.

ఆ శుక్రవారం డోరీన్ మాంసం కూరిన రొట్టె ఒకటి కాల్చి, పాత తువ్వాలులో చుట్టి, అతని గుమ్మం దగ్గర పెట్టి వెళ్లింది. అది ఇంకా వేడిగా ఉండగానే వెస్లీ సగం కోసుకున్నాడు. మిగతా సగం పట్టుకుని కీరన్ వాళ్లింటికి, వాడి తల ఎలా ఉందో కనుక్కోవడానికి బయలుదేరాడు.