జీతం వద్దన్నా కుదరని కాంట్రాక్టు

2023 ఏప్రిల్. అమెరికాలో ఒక మధ్యరకం ఊళ్ళో ఉన్న బాలే కంపెనీలో నేను హెచ్.ఆర్. మేనేజర్‌ని. మేనేజర్ అంటే పెద్ద మాట, ఆ గదిలో ఉన్నది నేనొక్కదాన్నే. బాలే కంపెనీ అనగానే "మీరు కూడా డాన్స్ చేస్తారా?" అని అడుగుతారు మనవాళ్ళు. లేదు తల్లీ, నేను కాగితాలు చేస్తాను. పద్నాలుగేళ్ళుగా అదే పని. విసుగొచ్చి కూడా చాలా కాలమైంది.

ముందు ఈ మెట్ల సంగతి చెప్పాలి. చిన్నప్పుడే బాలే స్కూల్లో చేరిన పిల్లలు పదిహేడు, పద్దెనిమిదేళ్ళకి అక్కడ శిక్షణ ముగిస్తారు. వాళ్ళలో కొందరిని కంపెనీలు ట్రైనీలుగా తీసుకుంటాయి. ట్రైనీ అంటే కంపెనీతో పాటే ప్రాక్టీసు, స్టేజి మీద వెనక వరసలో ఒక చోటు. జీతం లేకపోగా ఎదురు ఫీజు కట్టాలి. మా దగ్గర రెండేళ్ళకు మించి ట్రైనీగా ఉంచరు. ఆలోగా అప్రెంటిస్ కాంట్రాక్టు వస్తే వచ్చినట్టు, అదే మొదటి ఉద్యోగం. దాని పై మెట్టు కోర్ డి బాలే, అంటే కంపెనీ సొంత బృందం. ఆ ఏడు పదకొండు మంది ట్రైనీలున్నారు. కాంట్రాక్టు ఒక్కటే.

అది మేఘనకు వచ్చింది. మనవాళ్ళు ఎక్కువగా ఉండే హెర్న్‌డన్‌లో పెరిగిన పిల్ల, పందొమ్మిదేళ్ళు. మా డైరెక్టర్ ఎవరినీ ఒక పట్టాన మెచ్చుకోడు. ఆయనే "మిగతావాళ్ళు అడుగులు లెక్కపెడతారు, ఈ అమ్మాయి సంగీతం వింటుంది" అన్నాడు. ఆఫర్ లెటర్ నేనే టైపు చేశాను. అన్నేళ్ళలో తెలుగు పేరు టైపు చేయడం అదే మొదటిసారి. నా కూతురికే వచ్చినంత సంబరపడ్డాను.

ఆఫర్ లెటరుతో పాటు ఐ-నైన్ అని ఒక ఫారం ఉంటుంది. ఈ దేశంలో ఎవరిని ఉద్యోగంలో పెట్టుకున్నా, వాళ్ళకి పనిచేసే హక్కు ఉందని కాగితాలు చూసి మేము సంతకం పెట్టాలి. మేఘన వాళ్ళమ్మ శైలజ గారు ఆరు గంటలు డ్రైవ్ చేసుకుని, ఒక ఫైలూ మైసూర్‌పాక్ డబ్బా పట్టుకుని వచ్చారు. ఫైల్లో పాస్‌పోర్టు ఉంది, హెచ్-ఫోర్ వీసా ఉంది. తండ్రి ఉద్యోగ వీసా మీద ఉంటే భార్యాబిడ్డలకు ఇచ్చే వీసా అది. ఇంకేమీ లేదు.

"ఈ.ఏ.డి. కార్డు ఏదండీ?" అన్నాను. పని చేసుకోవచ్చని గవర్నమెంటు ఇచ్చే కార్డది.

"ఇప్పుడు అప్లై చేస్తామండీ. నాకు హెచ్-ఫోర్ మీదే వచ్చింది కదా, నాలుగేళ్ళ నుంచి జాబ్ చేస్తున్నా."

"అది భార్యకో భర్తకో ఇస్తారండీ. పిల్లలకు ఇవ్వరు."

ఆవిడ నవ్వేశారు. "ఒకసారి చెక్ చేయండి. ఇద్దరిదీ సేమ్ వీసానే."

ఆవిడ ఎదుటే మా లాయరుకు ఫోన్ చేశాను. కళాకారుల వీసా ఉంది గానీ దానికి పేరు ప్రఖ్యాతులు కావాలన్నాడు. వెనక వరసలో నిలబడే పందొమ్మిదేళ్ళ పిల్లకు ప్రఖ్యాతి ఎక్కడినుంచి వస్తుంది? గ్రీన్‌కార్డు లైను ఎప్పటికి కదులుతుందో దేవుడికే తెలియాలి. ఫీజు కట్టినన్నాళ్ళూ ఆ అమ్మాయి మా స్టేజి మీద డాన్స్ చేయడం సక్రమమే. జీతమిస్తామనేసరికి నేరమైపోయింది.

వాళ్ళమ్మ పక్కనే కూర్చున్న మేఘన ముందుకు వంగింది. "ఆంటీ, నాకు సాలరీ వద్దు. ఫ్రీగా చేస్తా. ట్రైనీ లాగానే. ప్లీజ్, ఆంటీ."

"కుదరదమ్మా. ట్రైనీగా నీ రెండేళ్ళూ అయిపోయాయి. జీతమివ్వాల్సిన పని ఊరికే చేయించుకున్నా తప్పే."

"దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదేనండీ," అన్నారు శైలజ గారు. నవ్వు ఎప్పుడో పోయింది. "మీరూ తెలుగువాళ్ళే కదా. ఏదో ఒకటి చూడండి."

చూడాల్సింది రెండేళ్ళ కిందట. ట్రైనీ ఫారంలో, ఈ దేశంలో ఉద్యోగం చేసే అర్హత ఉందా అనే ప్రశ్నకు ఆవిడ యస్ అని టిక్ పెట్టారు. అబద్ధం కాదు, తనకు వచ్చింది కాబట్టి కూతురికీ వస్తుందని నమ్మారు. ఆ ఫారం వెనకే హెచ్-ఫోర్ కాపీ ఉంది. అప్పుడే రెండూ చూశాను. ట్రైనీకి జీతం లేదు కదా, నాకెందుకులే అనుకున్నాను. బుద్ధిలేకపోతే సరి! ఆ రోజే ఒక్క మాట అడిగి ఉంటే, మేఘన కెనడాలోనో యూరప్‌లోనో కూడా ఆడిషన్లు ఇచ్చుకునేది. ఆడిషన్లన్నీ చలికాలంలోనే అయిపోతాయి. ఏప్రిల్‌కి చాలా కంపెనీల్లో చోటుండదు.

మర్నాడు డైరెక్టర్ తర్వాతి పేరు చెప్పాడు. ఫోన్ చేశాను. ఆ అమ్మాయి అరిచిన అరుపుకి ఫోను చెవికి దూరంగా పెట్టుకోవాల్సి వచ్చింది. "కంగ్రాచులేషన్స్" అన్నాను. మేఘనతో అన్న గొంతుతోనే.

మేఘన ఇప్పుడు ఇంటి దగ్గరే కాలేజీలో చదువుతోంది. డాన్స్ మాటెత్తితే లేచి వెళ్ళిపోతుందని శైలజ గారు ఒకసారి మెసేజ్ పెట్టారు.

ఇప్పుడు ట్రైనీలు చేరే రోజునే, ఏ దేశం పిల్లలైనా సరే, అందరినీ ఒక్కొక్కరినే కూర్చోబెట్టి కాగితాల సంగతి అడుగుతున్నాను. టిక్ మార్కుల్ని నమ్మడం మానేశాను. కిందటి ఆగస్టులో శాన్ రామన్ నుంచి వచ్చిన ఒక తండ్రి మండిపడ్డాడు.

"మా అమ్మాయి ఇంకా ఒక్క స్టెప్పు వేయలేదు, అప్పుడే వీసా గొడవేంటండీ? ముందు డాన్స్ చూడరా?"

అననిచ్చాను. ఆయన అలసిపోయాక మళ్ళీ అదే ప్రశ్న అడిగాను.

"హెచ్-ఫోర్," అన్నాడు. గొంతు తగ్గింది. "ఏం, ప్రాబ్లమా?"

అమ్మాయి వంక చూశాను. పదిహేడేళ్ళు.

"కూర్చోండి," అన్నాను. "ఇంకా టైముంది."